సగం మెట్ల దాకా

“నీకు కష్టంగా ఉంటే చెప్పు. కింద బార్లోనే ఒక స్టవ్ పెట్టించేస్తాను. పాకాలు కొత్తమ్మాయే కాచుకుంటుంది.”

భర్త ఆ మాట చాలా మెత్తగా అన్నాడు. విసుక్కుని అని ఉంటే ఆమెకు ఇంతగా తగిలేది కాదు.

ఆమె వంటగట్టు తుడుస్తూ ఉండిపోయింది. తుడిచినచోటే మళ్ళీ తుడిచింది. వంట అయింది, అందరి తిండీ అయింది, అంట్లూ అయ్యాయి. పాకం కాచే మందపాటి గిన్నె మాత్రం పొద్దున్నుంచీ గోడవారగా బోర్లించే ఉంది.

ఒంట్లో బాగాలేదా అని అడిగాడతను. బాగానే ఉందంది. చక్కెర నిండుకుందా అన్నాడు. డబ్బా నిండా ఉందంది. మరేమిటన్నాడు. ఏమీ లేదంది.

ఇన్నేళ్ళ కాపురంలో ఆ ‘ఏమీ లేదు’ను దాటి ఇంకో ప్రశ్న వేయడం అతనికి ఎప్పుడూ చేతకాలేదు.

“గడియారాల మామయ్యకి మనవరాలు పుట్టిందట,” అన్నాడు. “ఇవాళ సాయంత్రానికి వీధివీధంతా పిలిచాడు. నిన్న తను తాగిందే అందరికీ పోయమన్నాడు. ఆ నారింజ పాకం లేకపోతే నా పరువు పోతుంది.”

“మీ పరువుకేం కాదు. పోతే కొత్తమ్మాయి పేరు పోతుంది.”

అతను ఆ మాటను మనసులో అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. అంతుపట్టలేదు. తెచ్చిన ఖాళీ సీసా గట్టు మీద పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

పక్క గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది.

“పోనీలే అమ్మాయ్, ఆ స్టవ్వేదో కిందే పెట్టుకోనీ. దేవుడి ముందు పెట్టిన పూల వాసన కంటే నీ తొక్కల వాసనే ఎక్కువైపోయింది ఈ ఇంట్లో. మెట్ల మీద నిలబడే ఆ భాగోతం ఎలాగూ మానేశారు. ఇదీ వదిలిపోతే ఇల్లు ఇల్లులా ఉంటుంది.”

చేతిలో గుడ్డ ఆగిపోయింది. ‘మెట్ల మీద నిలబడే భాగోతం’ దగ్గరే మనసు చిక్కుకుంది.

ఇల్లు పైన, బార్ కింద. వీధి తలుపు మీద దానికేదో పేరు రాసి ఉంది గానీ, అందరూ ‘మెట్ల కింద’ అనే అంటారు. ఒకదానితో ఒకటి పోలిక లేని కుర్చీలు, మోచేతులు ఆనించి ఆనించి నునుపుదేరిన చెక్క కౌంటరు, దాని వెనక నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసిన కాక్‌టెయిళ్ళ పేర్లు. డ్యూటీ దిగిన నర్సులు వస్తారు, దర్జీలు వస్తారు, ఇంటికి వెళ్ళే ముందు కాసేపు చెప్పులు విడిచి కూర్చుందామనుకునేవాళ్ళు వస్తారు. పెద్ద హోటల్లో ధర చూసి మంచినీళ్ళు అడిగేవాళ్ళు కూడా ఇక్కడ నిశ్చింతగా ఇంకో గ్లాసు చెబుతారు. తూలేదాకా పోయడు యజమాని. “ఇక చాలన్నా, ఇంటికెళ్ళు,” అంటే ఎవరూ నొచ్చుకోరు.

అత్తగారు మొదట్లోనే ఒక కట్టుబాటు పెట్టింది. కింది గ్లాసూ, కింద పనిచేసేవాళ్ళూ పై గుమ్మం దాటకూడదు. పైనున్న కోడలు కింది గుమ్మం దాటకూడదు. మరి కింది సంపాదన మాత్రం ఏ గుమ్మమైనా దాటవచ్చా అని కోడలికి సందేహం వచ్చింది. పైకి అడగలేదు. దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు అడిగింది. ఆయనా ఏమీ చెప్పలేదు.

ఆ కట్టుబాటుకు మొగుడూ పెళ్ళాలు కనిపెట్టుకున్న దారి మెట్ల మలుపు. అది పైదీ కాదు, కిందిదీ కాదు. బార్ తెరిచే ముందు అతను కొత్తగా కలిపిన గ్లాసు పట్టుకుని సగం మెట్లెక్కి వచ్చేవాడు. ఆమె సగం మెట్లు దిగి వెళ్ళేది. చుక్క కూడా నోట పెట్టేది కాదు. గ్లాసు ముక్కు దగ్గర పట్టుకుని కళ్ళు మూసుకునేది, అంతే.

“అల్లం మీ విస్కీని తొక్కేస్తోంది,” అనేది. లేకపోతే, “పుదీనాని నలిపారా, చంపారా?” అనేది. అతను నవ్వుకుంటూ దిగిపోయి సరిచేసుకునేవాడు. వాళ్ళిద్దరూ రోజంతా మాట్లాడుకునే మాటల్లో ఆ మలుపు దగ్గర మాటలే ఎక్కువ.

అత్తగారు గదిలోంచి అన్నీ వినేది. “నా కొడుకు రోజూ సగం మెట్లెక్కి వస్తాడు. మిగతా సగం తల్లి కోసం ఎక్కడానికి మాత్రం మోకాళ్ళ నొప్పులు,” అని ఒకసారి అంది. వేళాకోళం అనుకుని కోడలు నవ్వేసింది.

వానలు మొదలైనప్పుడు కోడలికి జ్వరం వచ్చి తగ్గింది. ఆ తర్వాత అతను మలుపు దగ్గరికి రావడం మానేశాడు. ఆమె కొన్నాళ్ళు అలవాటుకొద్దీ దిగి నిలబడింది. కింద షేకర్ గలగల, మధ్యమధ్య నవ్వులు. ఒకరోజు ఉండబట్టలేక ఇంకాస్త కిందికి దిగి తొంగి చూసింది.

అతను గ్లాసులో స్ట్రా ముంచి, పై కొనను వేలితో మూసి, అందులో నిలిచిన చుక్కను నాలుక మీద వేసుకున్నాడు. ఇంకో స్ట్రా అలాగే ముంచి కొత్తమ్మాయికి అందించాడు. కొత్తమ్మాయి కళ్ళు మూసుకుంది.

స్ట్రా ఇచ్చినందుకు కాదు. ఆ పిల్ల అలా కళ్ళు మూసుకోవడం చూసి ఆమెకు ఒళ్ళంతా మండింది. అది తన వంతు పని.

పైగా అప్పట్నుంచీ అతను రోజూ మెట్లన్నీ ఎక్కి పైకి వచ్చి, తల్లి పక్కన కూర్చుని టీ తాగి వెళ్తున్నాడు. ‘నాతో పని తీరిపోయింది, ఇక అమ్మ గుర్తొచ్చింది కాబోలు,’ అనుకుంది ఆమె.

బార్లో గ్లాసులు కలిపే పనికి కొత్తమ్మాయి చేరి ఏడాది దాటిపోయినా ఆ పిలుపు మాత్రం పాతబడలేదు. నిన్న ఆ పిల్ల సొంతంగా ఒక కాక్‌టెయిల్ ఆలోచించింది. దానికి నారింజ పాకం కావాలంది. గిన్నెలో నీళ్ళు పోయకుండా చక్కెర కరిగించాలట. తేనె రంగు రాగానే నారింజ తొక్కలు వేసి, నీళ్ళు చల్లి దించేయాలట. భర్త వచ్చి ఈ సంగతంతా పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. చెబుతున్నంతసేపూ అతని కళ్ళలో ఉన్న హుషారును ఆమె చూసింది.

నిన్న పొయ్యి మీద చక్కెర కరిగింది. తేనె రంగు వచ్చింది. ఆమె గరిటె పక్కన పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. చక్కెర ఎర్రబడింది. నల్లబడబోయింది. పొగ లేచాక అప్పుడు తొక్కలు వేసింది. చేదు వాసన గుప్పుమంది. ‘ఇక ఇద్దరూ కళ్ళు మూసుకుని రుచి చూసుకోండి,’ అనుకుని సీసాలో పోసి పంపించింది.

నిన్న సాయంత్రం వంటింటి కిటికీ దగ్గర నిలబడి, కింద గోల మొదలవుతుందేమోనని చెవులు రిక్కించింది. గోల మొదలైంది. ఆమె అనుకున్న గోల కాదు.

“ఏమమ్మా కొత్తమ్మాయీ,” అంది గడియారాల మామయ్య గొంతు, “తీపిలో ఇంత కమ్మటి చేదు ఎక్కడ దాచావు? నాకు నా పెళ్ళిచూపులు గుర్తొచ్చాయి.” అందరూ నవ్వారు. ఇంకోటి, ఇంకోటి అన్న పిలుపులు. ఆ గ్లాసుకు ‘కొత్తమ్మాయి’ అనే పేరు పెట్టి నల్లబల్ల మీద పైవరసలో రాశామని ఇవాళ పొద్దున్న భర్తే సంబరంగా చెప్పాడు.

ఇన్నేళ్ళుగా ఆ బల్ల మీద పేర్లన్నిటిలోనూ ఆమె కాచిన పాకమే ఉంది. ఆమె పేరు ఏ మూలా లేదు. ఇవాళ పాకం కూడా చెయ్యి జారిపోతానంటోంది.

ఆమె బోర్లించిన గిన్నెను చూస్తూ చాలాసేపు నిలబడింది. మళ్ళీ మాడిస్తే ఆ పిల్ల పేరు నిలబడుతుంది. అసలు కాచకపోతే కిందికి స్టవ్ వస్తుంది.

మూడో దారి ఒకటుందని అప్పుడు తోచింది. చెప్పింది చెప్పినట్టు చేస్తే చాలు. తేనె రంగులో దించమన్నారు, దించుతుంది. పండంటి పాకం వెళ్తుంది. వీధివీధంతా కూర్చున్నచోట ఆ పిల్ల గ్లాసు తేలిపోతుంది. తనను ఎవరూ వేలెత్తి చూపలేరు.

గిన్నె తిరగేసి పొయ్యి మీద పెట్టింది. ఇంత శ్రద్ధగా ఆమె ఎన్నడూ పాకం కాచలేదు. ఒక్క పలుకు కూడా ముదరనివ్వలేదు. నారింజ తొక్కల వెనక తెల్లటి పొరను చాకుతో గీసి గీసి తీసేసింది.

మధ్యలో ఒకసారి గోడ మీది దేవుడి పటం వైపు చూపు పోయింది. నిన్న చెడ్డ మనసుతో చెడ్డ పని చేస్తే మంచి జరిగింది. ఇవాళ పని మంచిదే, మనసు మాత్రం నిన్నటిదే. పైనుంచి చూసేవాడు గిన్నెలోకి చూస్తాడా, మనసులోకి చూస్తాడా? ఆమె చూపు తిప్పుకుంది.

“నిన్న మాడు కంపుతో చచ్చాం,” అంది అత్తగారు గదిలోంచి. “ఇవాళ కమ్మగా ఉందే.”

“అవునత్తయ్యా. ఇవాళ సరిగ్గా కుదిరింది.”

సీసా మెట్ల మలుపు దగ్గర పెట్టి వచ్చేసింది. కాసేపటికి భర్త వచ్చి తీసుకున్న చప్పుడైంది. పైకి ఒక పిలుపు కూడా లేదు.

ఎండ ఇంకా కిటికీలోనే ఉంది. కింద కుర్చీలు జరిపిన చప్పుళ్ళు మొదలయ్యాయి. గడియారాల మామయ్య అందరికంటే ముందు వచ్చి, తన దుకాణంలో ఒక్కో గడియారం ఒక్కో టైము చూపిస్తుంది కాబట్టి తనకు ఎప్పుడైనా సాయంత్రమేనని ఎవరికో చెబుతున్నాడు. ఆమె కాళ్ళు ముడుచుకుని వంటింట్లో కూర్చుంది. గెలుస్తున్నానని తెలుసు. అయినా లేచి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది.

మెట్ల మీద అడుగులు వినిపించాయి. భర్తవి కావు.

“వదినా, ఒకసారి దిగుతారా? నేను పైకి రాకూడదు కదా.”

మలుపు దగ్గర కొత్తమ్మాయి నిలబడి ఉంది. ఒక చేతిలో సీసా, ఇంకో చేతిలో గ్లాసు. ముంజేతుల మీద నిమ్మరసం ఆరిన చారలు. దగ్గర్నుంచి చూస్తే చాలా అలిసిపోయిన మనిషిలా ఉంది.

ఆమె దిగింది. పోట్లాటకు సిద్ధపడే దిగింది.

“ఇది నిన్నటి పాకం కాదు వదినా.”

“నువ్వు చెప్పినట్టే చేశాను. తేనె రంగులో దించమన్నావు, దించాను.”

“అవును. నేను చెప్పిందే తప్పు.”

ఆమె ఇంకో మెట్టు దిగింది.

కొత్తమ్మాయి సీసా మెట్టు మీద పెట్టింది. నిన్న చుక్క నాలుక మీద పడగానే ఇది తను అడిగిన పాకం కాదని తెలిసిపోయిందట. అందరూ మెచ్చుకుంటూ ఉంటే నోరు మెదపలేదట. చెబుతూ చెబుతూ తలెత్తింది.

“ఎందుకో తెలుసా? నేనేం కలిపినా అన్నయ్య ఒకటే మాట. బాగానే ఉంది గానీ, మీ వదిన వాసన చూస్తే ఏమనేదో అంటారు. పొద్దస్తమానం అదే. ఆ ‘గానీ’ లేకుండా ఒక్కసారి బాగుందనిపించుకోవాలని నాకు కడుపుమంట వదినా. నిన్న అనిపించుకున్నాను. తీరా చూస్తే అదీ మీ చేతిదే.”

ఆమె మెట్ల పక్కనున్న కమ్మీ పట్టుకుంది. “అంతగా అనుకునే మనిషి రెండు మెట్లెక్కి రావచ్చుగా.”

“ఎలా వస్తారు? మీరే కదా వద్దన్నది.”

“నేనా?”

“జ్వరం వచ్చాక ఆ వాసన మీకు పడటం లేదని, గ్లాసు దగ్గరికి తేవద్దని, ఆయన ముఖం మీద చెప్పలేక అమ్మగారితో చెప్పించారు కదా.” కొత్తమ్మాయి ఆమె ముఖం చూసి గొంతు తగ్గించింది. “ఆ రోజు అన్నయ్య కలిపిన గ్లాసు అలాగే కౌంటరు మీద పెట్టుకుని కూర్చుండిపోయారు. ఐసంతా కరిగిపోయింది.”

కింద ఎవరో నవ్వారు. పైన అత్తగారి గది తలుపు ఓరగా తెరిచి ఉంది.

మిగతా సగం మెట్లు తల్లి కోసం ఎక్కడని అత్తగారు అన్న మాట ఆమెకు గుర్తొచ్చింది. ఇప్పుడు ఎక్కుతున్నాడు. రోజూ ఎక్కుతున్నాడు. వాసన పడదనుకున్న భార్యను ఇబ్బంది పెట్టకుండా, పక్కనుంచి తప్పుకుని వెళ్ళి తల్లి దగ్గర కూర్చుంటున్నాడు.

ఆమె చెయ్యి చాచింది. కొత్తమ్మాయి గ్లాసు అందించింది. ఆమె దాన్ని ముక్కు దగ్గర పట్టుకుని కళ్ళు మూసుకుంది.

“శరబత్తు,” అంది.

“అదే నేనూ అన్నాను,” అంది కొత్తమ్మాయి. నవ్వబోయి ఆపుకుంది.

“గ్లాసు ఇక్కడ పెట్టి పైకి రా. ఎలా చెడగొట్టాలో చూపిస్తాను.”

గిన్నెలో చక్కెర ఎర్రబడుతుండగా అత్తగారు చేతికర్ర ఆనుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. కొత్తమ్మాయిని పైనుంచి కిందిదాకా చూసింది.

“ఎవర్ని అడిగి ఈ పిల్లని లోపలికి తెచ్చావు?”

“మీరు ఎవర్ని అడిగి ఆయనకు ఆ మాట చెప్పారత్తయ్యా?”

ఏ మాట అని అత్తగారు అడగలేదు. అడుగుతుందేమోనని కోడలు ఎదురుచూసింది. ముసలావిడ చూపు పొయ్యి మీదికి పోయింది.

“మాడిపోతోంది. చూసుకో.”

“మాడనివ్వండి,” అంది కోడలు.

పొగ లేచింది. తొక్కలు పడ్డాయి. చుయ్యిమన్న చప్పుడుతో చేదు వాసన ఇల్లంతా పరుచుకుంది. కొత్తమ్మాయి ఆ రంగును కళ్ళతో తాగుతున్నట్టు చూసింది. తను పట్టుకెళ్తానంటూ గుడ్డ అందుకోబోయింది. వద్దంది ఆమె. వేడి గిన్నె చెవులు తనే పట్టుకుంది.

“ఎక్కడికి?” అంది అత్తగారు.

“కిందికి.”

మలుపు దగ్గర కాళ్ళు వాటంతట అవే ఆగాయి. ఒక్క క్షణమే. తర్వాత మిగతా మెట్లు దిగింది.

కింద ఆమెను మొదట చూసింది గడియారాల మామయ్య. లేచి నిలబడి, పక్కనున్న దర్జీని కూడా మోచేత్తో పొడిచి లేపాడు. “రా అమ్మా కోడలా. ఇన్నాళ్ళూ కిటికీలోంచి నీ వంట వాసనలే మాకు తోడు,” అని తన కుర్చీ జరిపాడు. భర్త చేతిలో తుడుస్తున్న గ్లాసు అలాగే ఉండిపోయింది. అతను భార్యను చూశాడు, ఆమె చేతిలోని గిన్నెను చూశాడు, ఆమె దిగి వచ్చిన గుమ్మాన్ని చూశాడు.

ఆమె ఎవరివైపూ చూడకుండా గిన్నె కౌంటరు మీద దించింది. కొత్తమ్మాయి గరిటెడు పాకం ఐసు మీద పోసి చల్లార్చింది. విస్కీ, నిమ్మరసం కలిపి షేకర్ ఊపి గ్లాసులోకి వంచింది. భర్త స్ట్రా ముంచి చుక్క నాలుక మీద వేసుకున్నాడు.

“ఇదీ,” అన్నాడు. “ఇదే నిన్నటిది. ఎలా చేశావు?”

అడిగింది కొత్తమ్మాయిని. కొత్తమ్మాయి వెనక్కి తిరిగి, నల్లబల్ల మీద పైవరసలో ఉన్న తన పేరును అరచేత్తో తుడిచేసింది. సుద్దపొడి ఆ పిల్ల భుజం మీద రాలింది.

“నేను కాదన్నయ్యా. వదినని అడగండి.”

అతను భార్య వైపు తిరిగాడు. అబద్ధం చెప్పడానికి ఆమెకు బోలెడంత చోటు ఉంది. ఇది నా పద్ధతి, మా అమ్మ నేర్పింది అనవచ్చు. అందరూ చప్పట్లు కొట్టేస్తారు. నల్లబల్ల మీద ఖాళీ కూడా ఏర్పడింది.

“మాడ్చాను,” అంది. “నిన్న కావాలనే మాడ్చాను. పాడవ్వాలని.”

గడియారాల మామయ్య పకపకా నవ్వాడు. ఆయన్ని చూసి ఇంకొందరు నవ్వారు. భర్త నవ్వలేదు. చేతిలోని గ్లాసు కింద పెట్టి, కౌంటరు చుట్టూ తిరిగి ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

“ఎందుకు?” అన్నాడు.

అతను అడిగే మనిషి కాదు. ఇన్నేళ్ళుగా ఆమె ఎన్ని ‘ఏమీ లేదు’లు అన్నా అన్నిటినీ నమ్మి వెళ్ళిపోయిన మనిషి. ఇవాళ వెళ్ళడం లేదు. జవాబు ఆమె గొంతు దాకా వచ్చింది. ఆ జవాబులో ఒక్క మాట చెబితే రెండో మాట చెప్పక తప్పదు. రెండో మాటలో అతని తల్లి ఉంది.

అప్పుడే మెట్ల మీద కర్ర చప్పుడైంది. ఏళ్ళ తరబడి ఆ మెట్లు దిగని మనిషి, ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగుతోంది. భర్త తల తిప్పాడు. నవ్వులు ఆగిపోయాయి.

మలుపు దగ్గర చప్పుడు కూడా ఆగింది. గుమ్మంలోంచి అత్తగారి చెప్పులు, కర్ర కొన మాత్రమే కనిపిస్తున్నాయి. అక్కణ్ణుంచి పైకి పోవాలన్నా, కిందికి రావాలన్నా సగం మెట్లే.